అర స్వరం తేడా

రూలోఫ్ హమ్మింగా చెవి ఎలాంటిదో గ్రోనింగెన్‌లో తెలియనివాళ్ళు లేరు. ఇది రూలోఫ్ తన గురించి తాను చెప్పుకునే మాట. నిజానికి తెలిసినవాళ్ళు ఓ ఇరవై మంది ఉంటారేమో, ఆ ఇరవై మందీ ఆ చెవితో విసిగి వేసారినవాళ్ళే. కాలువ మీద వంతెన లేపే ఉద్యోగం ముప్పై ఎనిమిదేళ్ళు చేశాడు. పడవ వస్తే లేపాలి, వెళ్ళిపోయాక దించాలి, మధ్యలో బోలెడు ఖాళీ. ఆ ఖాళీలో రికార్డులు విన్నాడు. ఇంటికొచ్చి మళ్ళీ అవే విన్నాడు.

ఏ రికార్డులు పడితే అవి కాదండోయ్. మూడు వందల ఏళ్ళ కిందటి బరోక్ సంగీతం కావాలి, ఆ కాలపు వాద్యాల మీదే వాయించాలి, తీగలు గొర్రెపేగువే అయ్యుండాలి. పైగా వాయించేది ఒక్కరే ఉండాలి. పక్కన ఇంకొకరు చెయ్యి కలిపారా, ఆ రికార్డు ముట్టుకోడు. "ఇద్దరుంటే తప్పెవరిదో తేలదు" అనేవాడు. మహానుభావుడు! తప్పు దొరికితే రికార్డు కంపెనీకి ఉత్తరం రాసేవాడు, మీ రెండో వైపు మూడో పాట వేగం ఎక్కువైందని. లూట్, వయొలిన్, వేణువు, హార్ప్సికార్డ్ అన్నీ కలిపి మూడు వేల రెండు వందలు దాటాయి. ముందుగది నిండింది, మెట్ల పక్క గోడ నిండింది, ఆ తర్వాత ఫ్రౌకె గది కూడా నిండింది.

ఫ్రౌకె అతని భార్య. బడిలో లెక్కలు చెప్పేది, ఇంట్లో గాంబ వాయించేది. మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయించే ఏడు తీగల పాత వాద్యం అది. ఈ మార్చిలో రెండు వారాలు జబ్బుపడి పోయింది.

రూలోఫ్ ఏడవలేదు. పాపం, దుఃఖం దిగమింగుకుంటున్నాడని జనం అనుకున్నారు. దిగమింగడానికి లోపల ఏదన్నా ఉంటే కదా! పొద్దున్నే లేచి రొట్టె మీద చీజ్ ముక్క పెట్టుకుని తిన్నాడు. కాఫీకి రెండు కప్పులు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టాడు. అలా పెట్టినందుకు కూడా ఏమీ అనిపించలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లి చూసుకుంటాం చూడండి, అలా రోజుకో రికార్డు పెట్టి చూసుకున్నాడు. శ్రుతి తెలుస్తోంది, వేగం తెలుస్తోంది, అంతకు మించి ఏమీ తెలియడం లేదు. అయిదు నెలలు అలాగే గడిచాయి.

ఒక్క క్యాసెట్ మాత్రం పెట్టలేదు. అది ఫ్రౌకె వాయించినది. ఆవిడ చేతి సంగీతం ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. అది పెట్టినా ఏమీ అనిపించకపోతే ఇక తన బతుకేమిటని అతని భయం.

దాని కథ పాతది. ఎనభై రెండులో, ఊరి బయట వెస్టర్‌హోగె చర్చిలో, ఎండాకాలపు మధ్యాహ్నం ఫ్రౌకె ఒక్కతే కూర్చుని పాత ఫ్రెంచి సంగీతం వాయించింది, రూలోఫ్ అరువు తెచ్చిన యంత్రంతో టేపు చేశాడు. ఇంటికొచ్చి వింటే శ్రుతి కిందికుంది. పాత సంగీతమంటే ఇప్పటి శ్రుతికి అర స్వరం కింద వాయించాలని ఆ రోజుల్లో ఈ పిచ్చి ఉన్నవాళ్ళకి వేదవాక్కు. కొడితే సరిగ్గా ఆ శ్రుతికి మోగే ఇనప శ్రుతిదండాన్ని రూలోఫ్ జేబులో వేసుకుని తిరిగేవాడు. టేపులో ఫ్రౌకె దానికంటే ఇంకో అర స్వరం కిందుంది. అరువు యంత్రం తేడాగా తిరిగిందని తేల్చేసి, వేగం పెంచి, దండానికి సరిపోయేలా క్యాసెట్ మీదికి ఎక్కించాడు. అసలు టేపు మీద రేడియోలో వచ్చిన లూట్ కచేరీ ఎక్కించుకున్నాడు. పొదుపరి మరి.

క్యాసెట్ విని ఫ్రౌకె, "నేనిలా వాయించలేదు" అంది.

"మరెవరు వాయించారు, మీ అమ్మా?"

"ఇంత గాభరాగా వాయించలేదంటున్నా, రూలోఫ్."

"వాయించేవాళ్ళకి తెలీదులే. కాస్త తొందరపడ్డావ్. అందరికీ జరిగేదే, దానికి మొహం అలా పెట్టుకోకు."

ఆ నెలలోనే, రికార్డులకి చోటు చాలడం లేదుగా అంటూ, గాంబని పెట్టెలో పెట్టి చెల్లెలు వీకె ఇంటికి పంపేసింది. వాయించడం లేదేమని రూలోఫ్ అడక్కపోలేదు. అడిగాడు, రెండేళ్ళ తర్వాత. "చేతులు రావట్లేదు" అందావిడ. సరేననుకుని రికార్డు రెండో వైపు తిప్పాడు.

ఇప్పుడీ ఆగస్టులో వీకె ఫోన్ చేసింది. "అక్క పుట్టినరోజుకి ఆ చర్చిలో అందరం కూర్చుని క్యాసెట్ విందాం. నువ్వేం మాట్లాడక్కర్లేదు. వచ్చి మీట నొక్కు, చాలు." కాదనడానికి అతనికి కారణం దొరకలేదు. ముందుగా స్పీకర్లు పెట్టి చూడాలని గురువారం మధ్యాహ్నం బస్సెక్కాడు.

చర్చి తాళం ఎదురింటి హార్మ్ దగ్గర ఉంటుంది. చేలన్నీ కొడుక్కి అప్పగించేసి, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ కూర్చునే ముసలాయన. చెక్కజోళ్ళు టకటకలాడించుకుంటూ వచ్చి తలుపు తీశాడు. "మోయ్" అని ఆ వైపు పలకరింపు పలికి, "మీ ఆవిడ ఇక్కడ వాయించిన రోజు నేను బయట గడ్డి కోస్తున్నా. కోత ఆపేసి విన్నా తెలుసా" అన్నాడు. ఆ ఊళ్ళో ఎవరైనా దేన్నైనా పర్లేదంటే అదే గొప్ప మెప్పు. ఇంకొకరు వాయిస్తే పని ఆపి విన్నానని చెప్పడం రూలోఫ్ ఎన్నడూ వినలేదు.

స్పీకర్లు బిగించి, క్యాసెట్ పెట్టాడు. ఫ్రౌకె మొదలుపెట్టింది. శ్రుతి సరిగ్గా ఉంది. చాలా తొందరగా ఉంది. అతనికేమీ అనిపించలేదు. ఎనిమిదో నిమిషంలో పైనున్న చర్చి గంట నాలుగు కొట్టడం వెనకాల వినిపించింది. ఆ రోజు ఫ్రౌకె ఆ గంటని పట్టించుకోకుండా వాయించుకుపోయింది. క్యాసెట్ ఇంకా తిరుగుతూండగానే, ఈ రోజు గంట పైనుంచి మూడు కొట్టింది.

రూలోఫ్ మీట నొక్కి ఆపేశాడు.

"ఈ గంట మార్చారా?" అని గుమ్మంలో ఉన్న హార్మ్‌ని అడిగాడు.

"గంటనా? అదేం చేసిందయ్యా నిన్ను?"

"శ్రుతి దిగింది. టేపులో ఉన్నదానికి అర స్వరం కిందుంది."

"గంటకి శ్రుతి దిగడమేంటి! అది కంచు, గొర్రెపేగు కాదు. మా తాత పెళ్ళికి కొట్టింది ఇదే, మీ ఆవిడ వాయించిన రోజు కొట్టిందీ ఇదే. దిగితే నీ డబ్బానే దిగుంటుంది, చూసుకో."

డబ్బా దిగలేదు. ఎక్కింది. ఎక్కించింది ఎవరు? అదే గంటని అర స్వరం పైకి లేపి, అదే చేత్తో భార్యని కూడా పైకి లాగి పరుగెత్తించింది ఎవరు? ఫ్రెంచి వాళ్ళు పూర్వం ఇంకో అర స్వరం కిందే వాయించేవాళ్ళన్న సంగతి తర్వాత లోకమంతటికీ తెలిసింది. ఆ కింది శ్రుతిలో చేసిన రికార్డులు రూలోఫ్ దగ్గరే నూట ముప్పై ఉన్నాయి. ఒక్కసారైనా బుర్రలో వెలిగితేనా! ఛీ, ఏం చెవి అది!

టేపు రికార్డరుకి వేగం మార్చే మీట ఉంది. దాన్ని కిందికి లాగుతూ, గంట ఉన్న చోటు మళ్ళీ మళ్ళీ వేసి చూశాడు. చెవిలో ఇంకా మోగుతున్నట్టున్న పై గంటతో అది కలిసేసరికి మీట మీంచి చెయ్యి తీసేసి, మొదటి నుంచి పెట్టాడు.

ఫ్రౌకె నింపాదిగా వాయించింది. కమాను ఎక్కడ ఆపాలో అక్కడ ఆపింది, ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకుంది. తొందరన్నది ఎక్కడా లేదు. చివర్న, "చాలు రూలోఫ్, ఆపెయ్" అన్న గొంతు వచ్చింది. నలభై ఏళ్ళుగా ఆ మాట సన్నటి పిల్లగొంతులా వినిపించేది. ఇప్పుడది వంటింట్లోంచి పిలిచే గొంతు. బెంచీ మీద కూర్చుని వీకెకి ఫోన్ చేశాడు.

"ఏంటి, స్పీకర్లు పన్చెయ్యట్లేదా?"

"వీకె, మీ అక్క తొందరపడలేదు. తప్పు నాది. నేనే వేగం పెంచేశాను."

"తెలుసు" అంది వీకె.

"నీకెలా తెలుసు?"

"అక్కే చెప్పింది. ఎక్కడో చదివి కావాలనే అంత కిందికి శ్రుతి చేసుకుందిట, నీ చెవికి తెలుస్తుందా లేదా చూద్దామని. నువ్వు మెచ్చుకుంటావని ముచ్చటపడింది. నువ్వేమో యంత్రం పాడైందన్నావ్."

"నాతో చెప్పొచ్చుగా!"

"నేనిలా వాయించలేదని చెప్పిందా లేదా? పెళ్ళాం చెప్తే వినలేదు, జేబులోంచి ఇనప ముక్క తీసి చూపించావ్. ఇంకేం చెప్తుంది?"

"అందుకే మానేసిందా?"

"మానెయ్యడమేంటి!" వీకె గొంతు పెరిగింది, మళ్ళీ తగ్గింది. "వాయించేది. నీ ముందు మానేసింది, అంతే. ప్రతి మంగళవారం మా ఇంటికొచ్చి వాయించేది. మొన్న ఫిబ్రవరి దాకా."

మంగళవారాలు ఫ్రౌకె చెల్లెలి దగ్గరికి అల్లికల పని మీద వెళ్తుందని రూలోఫ్ అనుకునేవాడు. ఎన్నడూ ఒక్క స్వెట్టరూ ఇంటికి రాలేదు. రాలేదేమని అతనూ అడగలేదు. నలభై ఏళ్ళ మంగళవారాలు. గొర్రెపేగు తీగల మీద, ఒక్కతే. ఊరికి ఆ చివర, సైకిల్ మీద పది నిమిషాల దూరంలో.

"రికార్డు చేశావా?" అన్నాడు. నోట్లోంచి వచ్చాక తెలిసింది తనేం అడిగాడో. సిగ్గుతో చచ్చిపోయాడు.

"లేదు, రూలోఫ్. కూర్చుని వినేదాన్ని."

హార్మ్ తాళాలు పట్టుకుని గుమ్మం దగ్గర ఎదురుచూస్తున్నాడు. నేనూ ఒక మంగళవారం రానా అని అడిగుంటే ఫ్రౌకె ఏమనేది? రమ్మనేదా? రూలోఫ్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆ సంగతి వీకెని అడగబోయాడు. అడగాల్సింది వీకెని కాదని తెలిసి, ఊరుకున్నాడు.