తొమ్మిది వాట్ల నేరం

యూపీఎస్ అరిచిన క్షణంలో నేను గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో ఒక మంచుకొండ మలుపు తిరుగుతున్నాను. (కారు ఎరుపు రంగుది. బయట నాకు అప్పటికి సైకిలు మాత్రమే ఉండేది.) నెత్తిమీద ఫ్యాను ఆగింది, అంటే కరెంటు పోయిందన్నమాట. అది రోజూ జరిగేదే గనుక పట్టించుకోలేదు. కానీ బల్ల కింద ఉన్న నల్లపెట్టె, అదే ఆ యూపీఎస్, ఎప్పటిలా ఆగి ఆగి కుయ్ మనడం మానేసి, తోక తొక్కిన పిల్లిలా ఒకే గొంతుతో కీచుమంది. నాలుగంకెలు లెక్కపెట్టేంతసేపు అరిచింది. ఆ తర్వాత కంప్యూటరు తెర మీది కారు, కొండ, మంచు, వాటి వెనకాల కనబడకుండా తయారవుతున్న ఒక పెళ్లి వీడియో, అన్నీ కలిసి నల్లబడిపోయాయి. వసారాలో కుట్టుమిషను చప్పుడు కూడా ఆగింది. ఏమైందని అక్కడ బట్టలు కుట్టే మిషనక్క అడిగింది. ఏమీ కాలేదక్కా అన్నాను. నా పాత్రికేయ జీవితంలో నేను జారీ చేసిన మొట్టమొదటి ఖండన అదే.

ఆ రోజుల్లో నాయుడుపేటలో కరెంటు కోతలు ఏ వేళకు ఉంటాయో పేపర్లో మేమే వేసేవాళ్లం. ఊరంతా ఆ జాబితా చదివేది, ఒక్క కరెంటు తప్ప. నేను కొత్తగా డిగ్రీ ముగించి ఒక పత్రికకు వార్తలు పంపుతుండేవాణ్ణి. అచ్చయిన వార్త పొడవును బట్టి ఇచ్చే ఆ ప్రతిఫలంతో బతకడం కష్టం గనుక, బస్టాండుకు దగ్గర్లోని ఒక కంప్యూటర్ సెంటర్లో పగలంతా పనిచేసేవాణ్ణి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, పెళ్లి వీడియోల మిక్సింగు మా వ్యాపారం. సెంటరు యజమానిని ఊళ్లో అందరూ సెంటరన్న అనేవారు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళితే ఒక కునుకు తీసి నాలుగింటికి గానీ తిరిగి రాని మంచి మనిషి. (ఆ కునుకు లేకపోతే ఈ కథ లేదు.)

మా వరస కొట్లలో యూపీఎస్ ఉన్నది మాకొక్కరికే. వేసవిలో బోరున్న ఇంటివాళ్లు ఇరుగుపొరుగును నీళ్లకు కాదనలేరు చూడండి, మా పరిస్థితీ అలాంటిదే. కోత మొదలవగానే పక్క కొట్టాయన సెల్‌ఫోను పట్టుకుని వచ్చేవాడు, ఎదురింటావిడ ఎమర్జెన్సీ లైటు పంపేది. అన్న ఎవరినీ పొమ్మనేవాడు కాదు. ఇవన్నీ వచ్చిపోయే చుట్టాలు. శాశ్వతంగా ఉన్న చుట్టరికం మాత్రం మిషనక్కది. మా వసారాలో ఒక మూల ఆమె కుట్టుమిషను ఉండేది. దాని పైన గోడకు బైబిలు వాక్యం రాసిన చర్చి క్యాలెండరు, క్యాలెండరు పక్కన తొమ్మిది వాట్ల చిన్న బల్బు. కిటికీ ఊచల్లోంచి ఒక తెల్ల వైరు లోపలికి వచ్చి మా యూపీఎస్‌లో దూరేది. ఆ బల్బు వెలుతురు సూది మీద తప్ప మరెక్కడా పడేది కాదు. పెళ్లిళ్ల రోజుల్లో పట్టు రవికెల పని ఆ వెలుతురులోనే సాగేది. దానికి బదులుగా ఆమె ఇంట్లో ఏ చేప వండితే ఆ చేప పులుసు, మామిడికాయ ముక్కతో సహా, ఒక గిన్నెలో మధ్యాహ్నానికల్లా నా బల్ల మీదికి వచ్చేది. నెల్లూరు జిల్లాలో ఇంతకంటే గట్టి ఒప్పందం రాతపూర్వకంగా కూడా సాధ్యం కాదు.

ఇలా ఉండగా నాకు గ్రాఫిక్స్ కార్డు మీద మనసు పోయింది. ఒక్క పెళ్లి వీడియో పూర్తిగా తయారై బయటికి రావడానికి మా పాత కంప్యూటరుకు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పట్టేది. కొత్త కార్డు వేస్తే సగం సమయంలో అవుతుందని అన్నకు చెప్పాను. అది నిజమే. కార్ల పందెం ఆట పాత కంప్యూటర్లో ఎడ్లబండిలా నడుస్తోందన్నది మిగతా సగం నిజం. అది చెప్పలేదు. అన్న సరేనన్నాడు. చెన్నై వెళ్లి, ఇటుకంత బరువున్న ఆ కార్డును తువ్వాలులో చుట్టి, రైల్లో చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అమ్మినాయన సగం తమిళం సగం తెలుగులో, యూపీఎస్ సరిపోతుందో లేదో చూసుకోమని రెండుసార్లు చెప్పాడు. మాది పెద్దదేనన్నాను. ఎంత పెద్దదో మాత్రం చూడలేదు.

ఊరికి వచ్చాక చూశాను. పెట్టె ముందువైపు లావు అక్షరాల్లో ఆరు వందలని ఉంది. ఒక ప్రెస్‌నోటు వెనకవైపు లెక్క వేశాను. కంప్యూటరు నూటయాభై, మానిటరు వంద, కొత్త కార్డు నూటయాభై, అక్క బల్బు తొమ్మిది. అంతా కలిపి నాలుగు వందల తొమ్మిది వాట్లు. ఆరు వందల్లో ఇంకా బోలెడంత మిగిలింది. ఆ ఆనందంలో వసారాలోకి వెళ్లి, కావాలంటే ఇంకో ఇరవై బల్బులు వేసుకోవచ్చక్కా అని దానకర్ణుడిలా ప్రకటించాను. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ, "ఒకటి ఎలిగితే చాల్లే అబ్బయ్యా" అంది.

మామూలు పనుల్లో ఆ కార్డు నిద్రపోతూ ఉంటుంది. అందుకే మొదటి వారం కోతలు వచ్చినా ఏ గొడవా జరగలేదు. రెండో వారం మనుబోలు వైపు రైతు ఒకాయన కూతురి పెళ్లి వీడియో ఆరు రోజులు కూర్చుని మిక్సింగు చేశాను. మర్నాడు పొద్దున్నే వాళ్లకు ఇవ్వాలి. అమ్మాయి అత్తారింటికి బయల్దేరుతూ తీసుకెళుతుందట. అన్న భోజనానికి వెళ్లగానే వీడియో తయారవడానికి పెట్టి, అది తయారవుతుండగానే ఆట కూడా తెరిచాను. కొత్త కార్డు రెండూ మోసింది. మొయ్యలేనిది యూపీఎస్. అది కూలడంతో వీడియోతో పాటు ఆరు రోజుల మిక్సింగు ఉన్న ఫైలు కూడా పాడైంది. తిరిగి తెరిస్తే తెరుచుకోలేదు. క్యాసెట్లు భద్రంగానే ఉన్నాయి గనుక పెళ్లి దక్కింది, నా పనే పోయింది.

నాలుగింటికి అన్న వచ్చి విషయం విని బల్ల కిందికి వంగాడు. అక్కడ మూడు వైర్లున్నాయి. రెండు నల్లవి మావి, ఒకటి తెల్లది. "దీనికి ఏమేం తగిలించినార్రా?" అన్నాడు. నేను తెల్ల వైరు వైపు చూశాను. అంతే. తర్వాత చాలా ఏళ్లు, నేను అబద్ధం చెప్పలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ వేలెత్తి చూపడానికి వేలే అక్కర్లేదని ఆ రోజు నా కళ్లకు బాగా తెలుసు. అన్న ఆ వైరు ఊడబీకి, చుట్టచుట్టి, వసారాలోకి వెళ్లి మెల్లగానే చెప్పాడు. "ఏమనుకోబాకు మే. నీ బలుబు మూలాన ఆరు దినాల పని పోయింది." అక్క వైరు చుట్ట అందుకుని, కిటికీలోంచి నా వైపు ఒకసారి చూసి, సరేన్నా అని బుట్టలో వేసుకుంది. అప్పటికి వారం కిందటే పత్రికాఫీసులో మా డెస్కు సారు నాకొక పాఠం చెప్పివున్నాడు. ఎవరి మీదైనా నింద రాసేముందు ఆ నింద పడ్డవాళ్ల మాట ఒక్క వాక్యమైనా తీసుకోవాలన్నాడు. నోట్‌బుక్‌లో గీత గీసి మరీ రాసుకున్నాను.

మర్నాడు ఆ రైతుకు అన్న చేతులు పట్టుకుని సర్దిచెప్పాడు. నేను మళ్లీ మొదట్నుంచి మిక్సింగుకు కూర్చున్నాను. ఈసారి ఆట తెరవలేదు, తెల్ల వైరూ లేదు. వీడియో సగం తయారై ఉండగా కోత వచ్చింది, బల్ల కింది పిల్లి మళ్లీ అరిచింది. అదృష్టం, ఫైలుకు నకలు తీసి పెట్టుకున్నాను. అప్పుడు పెట్టెను బయటికి లాగి, వెనక్కి తిప్పి, దుమ్ము తుడిచి చూశాను. ముందున్న ఆరు వందలు ఆ పెట్టె రకానికి గుర్తుగా వేసే అంకె మాత్రమే. అది మోయగల బరువు వెనకాల చీమతలకాయలంత అక్షరాల్లో ఉంది, మూడు వందల అరవై వాట్లు. బల్బు తీసేసినా నా లెక్క నాలుగు వందలు, ఆ పెట్టె ఎలాగూ కూలేదే. చంటిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినంత జాగ్రత్తగా కొత్త కార్డు పీకి డబ్బాలో పెట్టి, పాతది బిగించాను. అన్నకు మాత్రం కార్డు వేడెక్కుతోందని చెప్పాను. (ఇదీ నిజమే. ఆ రోజుల్లో నా నిజాలన్నీ సగం సగమే.)

ఇక్కడ అక్క సంగతి. వైరు పోయాక కోత వేళల్లో ఆమె మిషనును వెలుతురు కోసం రోడ్డు వారకు లాక్కునేది. లారీ పోయినప్పుడల్లా దుమ్ము లేచి పట్టు గుడ్డల మీద పడేది. రవికెలు చెప్పిన రోజుకు అందక, ఇద్దరు ముగ్గురు గుడ్డలు వెనక్కి తీసుకుపోవడం నేను కిటికీలోంచి చూశాను. చేప పులుసు మాత్రం ఆగలేదు. రోజూ చెప్పాలనుకునేవాణ్ణి, రోజూ గిన్నె కడిగి ఇచ్చి ఊరుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి అక్క తడ దగ్గర బూట్ల కంపెనీలో కుట్టుపనికి చేరుతోందని, బస్సు వాళ్లే పంపుతారని తెలిసింది. మిషను తీసుకుపోవడానికి ఆటో వచ్చిన రోజు, చేతులు కట్టుకుని ఆమె ముందు నిలబడి మొత్తం చెప్పేశాను. ఆరు వందలు, మూడు వందల అరవై, ఎర్రకారు, అన్నీ. తప్పు నీ బల్బుది కాదక్కా అన్నాను.

అక్క నవ్వింది. బుట్టలోంచి ఒక అట్టపెట్టె తీసి చూపించింది. విప్పని కొత్త బల్బు. "మీ పెట్టె అరిసిన దినానికి నా బలుబు మాడిపోయి రెండు దినాలు. నీ కారు చప్పుడు రోజూ నాకు ఇనపడేదే కదా అబ్బయ్యా" అంది.

మరి ఆ రోజే అన్నకు చెప్పొచ్చు కదక్కా అన్నాను.

"నువ్వు చెప్తావేమో అని చూస్తా ఉండినా."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, బతిమాలుకునేవాణ్ణి. ఇప్పుడే వెళ్లి అన్నతో చెప్పేస్తానన్నాను. నేను పోతా ఉంటే ఇంకెందుకులే అంది. మిషను ఆటోలోకి ఎక్కించి, క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని, బల్బు పెట్టెను నా చేతిలో పెట్టింది. కంపెనీలో లైట్లు వాళ్లవేనట, దీంతో పని లేదంది. ఆమె వద్దన్నది కదా అని ఆ రోజు చెప్పలేదు. తర్వాత ఆమె లేదు కదా అని చెప్పలేదు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో సవరణలు రాశాను. ఫలానా తేదీ సంచికలో ఫలానావారి పేరు పొరపాటున ప్రచురితమైంది, చింతిస్తున్నాం అని, రెండో పేజీలో అడుగున, ఎవరికీ కనబడనంత చిన్న అక్షరాల్లో. రాసిన ప్రతిసారీ ఆ మంచుకొండ మలుపు దగ్గర ఎర్రకారులో కూర్చున్న కుర్రవాడు గుర్తొస్తాడు. వాణ్ణి గట్టిగా తిట్టాలనే ఉంటుంది. తీరా చూస్తే ఆరు వందల్లో ఇరవై బల్బులు పంచిపెట్టిన వాడి ధీమా కనబడి నవ్వొస్తుంది. ఆ నవ్వు చివర చేప పులుసు గిన్నె కూడా కనబడుతుంది.

పోయిన నెల పనిమీద నాయుడుపేటలో దిగి సెంటరన్న దగ్గరికి వెళ్లాను. ఇప్పుడది సెల్‌ఫోన్ల కొట్టు. యూపీఎస్ కొనడానికి వచ్చిన ఒకాయనకు అన్న జాగ్రత్తలు చెబుతున్నాడు. దీనికి ఇంకేదీ తగిలించబాకు నాయనా, మా కొట్లో ఒక బలుబు ఆరు దినాల పని మింగేసింది అని. (కథలో బల్బు ఇప్పుడు అరవై వాట్లయింది, పక్కన ఒక ఇస్త్రీపెట్టె కూడా చేరింది.) అంతలో నన్ను చూసి, "ఇదో, సాక్షి వచ్చినాడు, అడుగు" అన్నాడు. కొనేవాడు నా వైపు తిరిగాడు. నేను నోరు తెరిచాను. అన్న మొహంలో పాత శిష్యుణ్ణి చూసిన సంతోషం అలా వెలిగిపోతోంది. బ్యాటరీ మంచిది చూసి తీసుకో బాబూ అన్నాను.

అక్క ఇచ్చిన బల్బు మా ఇంట్లో బీరువా పైఅరలో, అట్టపెట్టెలోనే ఉంది. ఒక్కసారి కూడా వెలిగించలేదు. సెంటరన్న కొట్లో దాని మీద కేసు ఈ రోజుకీ నడుస్తూనే ఉంది.