వదిన వద్దన్న బండి

మొన్న మంగళవారం పొద్దున మా వదిన పోయారు. నేను ఆఫీసుకు బయల్దేరి కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో చిక్కుకుని ఉండగా మా ఆయన ఫోన్ చేశారు. "అక్క లేవలేదు" అన్నారు. ఇంకేమీ అనలేకపోయారు. నా నోటి వెంట వెంటనే వచ్చిన మాట, "ఎవరు చూశారు? మీరు దగ్గరికెళ్ళి చూశారా?" అన్నాక గానీ నాకు తట్టలేదు. అది వదిన మాట. ఎవరు ఏ కబురు మోసుకొచ్చినా ఆవిడ మొట్టమొదట అడిగేది అదే.

మా ఆయనకు ఆవిడ సొంత అక్క. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి ఆవిడే పెంచారు. కాకినాడలో గవర్నమెంటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేశారు. భర్త పోయాక ముందుగానే రిటైరై చందానగర్ వచ్చేసి మా పక్క పోర్షన్‌లో ఉన్నారు. ఉద్యోగం వల్ల వచ్చిందో పుట్టుకతోనే ఉందో గానీ, ఆవిడకు దేనిమీదా ఒక పట్టాన నమ్మకం కుదిరేది కాదు. గ్యాస్ సిలిండర్ వస్తే మూతి దగ్గర సబ్బునీళ్ళు పోసి, బుడగలు రావడం లేదని చూశాకే గడప దాటనిచ్చేవారు. కూరగాయలమ్మి "తాజావమ్మా" అంటే, "నేను అడక్కుండానే చెప్పావంటే ఏదో ఉంది" అని గంప అడుగు నుంచి తీయించేవారు. "నొప్పి లేదు అనే రోగిని ముందు చూడాలమ్మాయ్. నొప్పి ఉన్నవాడు ఎలాగూ అరుస్తాడు" అనేవారు నాతో.

ఆవిడను గురించి రాయాలని కూర్చుంటే నాకు ఆ బండి సంగతే ముందుగా గుర్తుకొస్తోంది. తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం కొత్తగా లేచింది. దానికి కాస్త దూరంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. చందానగర్ నుంచి కొండాపూర్ మీదుగా వెళ్ళాలి. ఆ రోడ్డును రోడ్డు అనడానికి నోరు రాదు. ఒక పక్క బండలు పేల్చేవాళ్ళు, ఇంకో పక్క కంకర లారీలు, మధ్యలో గుంటలు. చీకటి పడితే ఆటోవాళ్ళు అటు రానే రారు. స్కూటీ మీద వెళ్తూ కంకర మీద జారి పడ్డాను. మణికట్టు విరిగింది. కట్టు విప్పించుకుని వచ్చిన రోజునే మా ఆయన, "ఇక స్కూటీ వద్దు. నీకు కారు కొందాం" అన్నారు.

ఏ కారన్నది పెద్ద చర్చ అయింది. చిన్న కారైతే ఆ బండల మీద పొట్ట గీసుకుపోతుంది. పెద్ద జీపు కొంటే మా సందులో నేను తిప్పలేను. ఎత్తుగా ఉండాలి, చిన్నదిగా ఉండాలి, దుమ్ము లోపలికి రాకుండా ఏసీ ఉండాలి. అప్పుడే బాగుపడిన చెయ్యి గనక స్టీరింగ్ తేలిగ్గా తిరగాలి. అలాంటిది ఆ రోజుల్లో మన దగ్గర ఎక్కడుంది? రోజూ రాత్రి భోజనాల దగ్గర అదే మాట.

అలాంటి సమయంలో ఒక ఆదివారం అచ్చం అలాంటి బండే మా గేటు ముందు ఆగింది.

ముదురు ఆకుపచ్చ రంగు. బయటి దేశం నుంచి తెప్పించినది. చూడటానికి పొట్టి జీపులా ఉంది, లోపల మాత్రం తోలు సీట్లు, ఏసీ, వేలితో తిప్పితే తిరిగే స్టీరింగ్. దాన్ని తెచ్చినాయన స్థలాల వ్యాపారి. మా ఆయన సొంతూరికి పక్క ఊరువాడు. నగరం చుట్టూ పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్ముతుంటాడు. మా ఆయనదేమో ఆ ప్లాట్లకు అనుమతులిచ్చే ఆఫీసులో ఉద్యోగం.

"అమ్మేద్దామనుకుంటున్న బండేనండి. మేడమ్‌గారు చెయ్యి విరిగి అవస్థ పడుతున్నారని తెలిసింది. ఒక వారం వాడుకుని చూడండి. నచ్చితే డబ్బు సంగతి సారూ నేనూ తర్వాత మాట్లాడుకుంటాం. మన వైపువాళ్ళం, ఆ మాత్రం చేసుకోకపోతే ఎలాగండి!" అన్నాడు.

వదిన వరండాలోంచి దిగి వచ్చారు. బండి చుట్టూ తిరిగారు. తలుపు తీసి, కాళ్ళ కింది పట్టా ఎత్తి, వంగి వాసన చూశారు. తుఫాను నీళ్ళలో మునిగిన సామాను వాసన ఆవిడకు బాగా తెలుసు. ఆ వాసన లేదు. అయినా ఊరుకోలేదు. మర్నాడు చందానగర్ మార్కెట్ దగ్గరి మెకానిక్‌ను పిలిపించారు. ఆయన బానెట్ ఎత్తి చూశాడు, కిందికి దూరి చూశాడు, ఒక చుట్టు తిప్పుకొచ్చాడు.

"బండి ఏక్‌దమ్ మంచిగున్నదమ్మా. జర కూడ ఫికర్ చెయ్యకున్రి. గిసొంటిది మల్ల దొరకది" అన్నాడు.

"ఇంత బాగున్నదాన్ని మరి ఎందుకు అమ్ముతున్నట్టు?"

"గది నాకేం ఎరుకమ్మా? గది ఇంజన్ల ఉండది గదా" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు దగ్గర వదిన మొహం ఇంకా బిగుసుకుంది. "ఏ రోగమూ లేని మనిషి ఆసుపత్రికి ఎందుకొచ్చాడా అని ఆలోచిస్తున్నానమ్మాయ్" అన్నారు.

నాకు మాత్రం ఆవిడ మీదే అనుమానంగా ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సుల్లో వేలాడుతూ డ్యూటీకి వెళ్ళిన మనిషి. మరదలు ఏసీ కారులో వెళ్ళడం గిట్టడం లేదేమో అనిపించింది. బండి అప్పటికే నాకు ప్రాణమైపోయింది. ఆ సీట్లో కూర్చుంటే కొండాపూర్ గుంటలు తెలిసేవి కావు. లారీ పక్కనుంచి వెళ్తే భయం వేసేది కాదు. ఆఫీసుకు చేరేసరికి నా జుట్టు ఇంట్లో దువ్వుకున్నట్టే ఉండేది.

"మీకు ఇష్టం లేకపోతే చెప్పేయండి వదినా" అన్నాను ఒకరోజు కాస్త పుల్లవిరుపుగా.

"నాకు బండి చాలా నచ్చింది. అందుకే నిద్ర పట్టట్లేదు. సరే, నన్నూ ఒకసారి తిప్పు. ఆ పెద్దమనిషినీ రమ్మను, బండి గురించి అడిగేవి ఉన్నాయి" అన్నారు.

శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. నేను నడుపుతున్నాను, వదిన నా పక్కన, ఆ స్థలాల వ్యాపారి వెనక సీట్లో. కొత్తగూడ దాటి, గచ్చిబౌలి వైపు వెళ్తుంటే ఆయనకు ఉత్సాహం వచ్చింది. "అక్కయ్యగారూ, ఇంత దూరం వచ్చాం కదా, మన ప్లాట్ల వెంచర్ కూడా చూద్దురుగాని" అని పుప్పాలగూడ దారి పట్టించాడు. అప్పుడది పల్లెటూరే. ఊరు దాటాక ఒక పల్లపు మైదానం. వరసలు వరసలుగా హద్దురాళ్ళు, వాటికి కొత్తగా వేసిన పసుపు రంగు.

వదిన దిగి, చెప్పులు చేతబట్టుకుని రాళ్ళ మధ్యలోంచి పల్లానికి నడిచారు. నేల పెంకుల్లా పగిలి ఉంది. ఎండిన తుంగ కుదుళ్ళున్నాయి. ఒక రాయి మొదట్లోంచి తెల్లటి నత్తగుల్ల ఏరి అరచేతిలో పెట్టుకున్నారు. అక్కడ బర్రెలు మేపుకుంటున్న ముసలామెను, "ఇక్కడ నీళ్ళు ఉండేవా అమ్మా?" అని అడిగారు.

"ఉండేవా అని అడుగుతవేందమ్మా! ఇది చెరువు శిఖం. నీళ్ళు నిల్సే జాగ. పోయిన ఏడు వానలు కాలేదు గన్క గిట్ల కనవడ్తుంది. మంచిగ పడ్తె గా రాళ్ళన్ని మునుగుతయి" అందామె.

వదిన వెనక్కి వచ్చారు. గొంతులో ఏ మార్పూ లేదు. "దీనికి అనుమతి వచ్చిందా బాబూ?"

"మన సార్ టేబుల్ మీదే ఉందండి. ఈ వారంలో అయిపోతుంది."

"ఈ వారమా? బండి వాడుకుని చూడమన్నది కూడా వారమే కదూ?"

ఆయన నవ్వాడు. నవ్వి గడియారం చూసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు వేలితో తిరిగే స్టీరింగ్ మీద నా చేతులు చెమటకు జారాయి. బండిలో ఎక్కడా కనపడని జబ్బు ఆ టేబుల్ మీది అనుమతి కాగితాల్లో ఉందని నాకు అర్థమైంది. మా ఇంట్లో కూడా ఉందా, లేదా? అది మాత్రం తెలియలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చి వరండాలో బూట్లు విప్పుకుంటుంటే, వదిన ఆ గుల్లను కుర్చీ చేతి మీద పెట్టారు. "ఇది ఎక్కడిదో తెలుసా?"

ఆయన దానివైపు చూశారు. "పుప్పాలగూడ ఎందుకు వెళ్ళారు మీరు?" అన్నారు.

వదిన పుప్పాలగూడ పేరే ఎత్తలేదు. ఆవిడ నావైపు చూశారు, నేను ఆవిడవైపు చూశాను. ఆ పెద్దమనిషి ఈలోగా ఫోన్ చేసి చెప్పాడేమో. అయి ఉండొచ్చు.

"నేనింకా ఆ ఫైలు తెరవనే లేదక్కా. చెరువైతే చెరువనే రాస్తాను. బండికీ దానికీ సంబంధం ఏమిటి?"

"లేకపోతే మరీ మంచిది. ముందు బండి పంపించెయ్. ఆ తర్వాత ఏది నిజమైతే అది రాయి."

"నన్ను అనుమానిస్తున్నావా? పెంచినదానివి!"

"పెంచాను కాబట్టేరా. చిన్నప్పుడు ఒళ్ళు వెచ్చగా లేదని నువ్వంటే నమ్మి ఊరుకున్నానా? నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నానా?" ఆవిడ గొంతు అప్పుడు వణికింది. ఆవిడ గొంతు వణకడం నేను వినడం అదే మొదలు. తర్వాత నావైపు తిరిగి, "నీ కోసం వచ్చిన బండి. నువ్వు చెప్పమ్మాయ్" అన్నారు.

తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది. విరిగి అతుక్కున్న మణికట్టు అప్పటికీ వాన పడితే నొప్పి పెట్టేది. సోమవారం నుంచి మళ్ళీ ఆటోవాళ్ళను బతిమాలుకోవాలి. అదంతా కళ్ళ ముందు తిరిగింది. తాళంచెవి తీసి గుల్ల పక్కన పెట్టాను. "తీసుకెళ్ళమని చెప్పండి. నాకొద్దు" అన్నాను మా ఆయనతో.

మర్నాడు బండి వెళ్ళిపోయింది. మా ఆయన ఆ భూమి చెరువేనని రాశారు. కొన్నాళ్ళకే దూరపు జిల్లాకు బదిలీ అయ్యారు. ఆయన కుర్చీలోకి వచ్చిన మరొకాయన ఏం రాశాడో మాకు తెలియదు గానీ అక్కడ ఇళ్ళు లేచాయి. ఇప్పటికీ గట్టి వాన పడితే ఆ ఇళ్ళవాళ్ళు మోకాలిలోతు నీళ్ళలోంచి స్కూటర్లు తోసుకుంటూ బయటికొస్తారు.

మా ఆయన అక్కతో మాట్లాడటం మానేశారు. నెలకో రెండు నెలలకో ఇంటికొచ్చేవారు. ఆవిడ వండి పంపేవారు, ఆయన తినేవారు, మాట మాత్రం లేదు. ఆయనకు ముందే తెలుసా అన్న ప్రశ్న నన్ను తినేస్తుంటే, ఒకసారి వదినతో అనేశాను. ఆవిడ బియ్యం ఏరుతున్నారు. తలెత్తకుండానే, "అడక్కు. అడిగితే అబద్ధం ఆడాల్సి రావచ్చు. ఆడిన అబద్ధానికి జీవితమంతా కాపలా కాయాలి. వాడికా అవస్థ పెట్టకు. కనిపెట్టుకుని ఉండు, చాలు" అన్నారు. నేను అడగలేదు. ఇన్నేళ్ళయినా అడగలేదు.

తర్వాత ఆ పాత ఆఫీసులో కొందరి ఇళ్ళ మీద లంచాల కేసుల్లో అవినీతి నిరోధక శాఖ దాడులు జరిగాయని పేపర్లో వచ్చింది. ఆ వారం మా ఆయన ఇంటికొచ్చి, సంచి కూడా దించకుండా నేరుగా అక్క గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నారు. "అక్కా, కాఫీ ఉందా?" అన్నారు.

"ఉండు, పాలు విరిగాయేమో చూడాలి" అన్నారు వదిన లోపల్నుంచి. పాలు విరగలేదు. కానీ కాఫీ రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చినప్పుడు ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నాకు బండి ఆ మరుసటి ఏడాది వచ్చింది, నా జీతం మీద తీసుకున్న అప్పుతో. మా కాలనీలోనే ఉండే రిటైరైన డాక్టరుగారిది. జీపుకన్నా పొట్టిది, కారుకన్నా ఎత్తుది. రంగు వెలిసింది, ఏసీ మూలిగేది. వదిన ఆయన్నీ అదే అడిగారు, ఎందుకు అమ్ముతున్నారని. "చూపు ఆనడం లేదమ్మా, నడపలేకపోతున్నాను" అన్నారాయన. వదిన టీపాయ్ మీది పేపరు తీసి ఆయన మొహం ముందు పట్టుకుని, "ఏదీ, ఇది చదవండి" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పాపం ఆ డాక్టరుగారు ఎంత ప్రయత్నించినా పెద్ద అక్షరాలు కూడా చదవలేకపోయారు. "తీసుకో అమ్మాయ్" అన్నారు వదిన. ఆ తర్వాత ఆయన్ను తనే చెయ్యి పట్టుకుని కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళారు.

కొత్తలో కొన్ని నెలలు ఆవిడ నాతోపాటు మాదాపూర్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి బస్సెక్కి తిరిగొచ్చేవారు. తోడుకోసమని ఒప్పుకునేవారు కాదు, "బండి ఎలా నడుస్తోందో చూడాలి" అనేవారు. కొత్తగూడ చౌరస్తాలో నేను ఎడమకు తిరగాలి. ఇండికేటర్ వేసేదాన్ని, లోపల టిక్కు టిక్కుమని చప్పుడొచ్చేది. "వెనక లైటు వెలిగిందో లేదో ఇక్కడ కూర్చున్న మనకేం తెలుసు?" అనేవారు వదిన. అద్దం దించి, చీర కొంగు బొడ్లో దోపుకుని, భుజం దాకా చెయ్యి బయటికి పెట్టేవారు. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకున్న నర్సమ్మ చెయ్యి. ఎర్రటి దుమ్ములో ఆ అరచెయ్యి నిలబెట్టి ఉంచితే, వెనకాల వస్తున్న కంకర లారీ బుస్సుమంటూ ఆగేది. నేను తిరిగి, అవతలి రోడ్డెక్కి, వేగం అందుకున్నాక కూడా ఆ చెయ్యి చాలాసేపు అలా గాలిలోనే ఉండేది.