ఆదివారం దాకా నిలవని ఆట

ఆదివారం మా ముత్తుకూరు చర్చిలో నేను కనిపించానంటే ఆ వారం ఓడిపోయానని అర్థం. ఈ సంగతి అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. మా గోల్ఫ్ పోటీలు గురువారం మొదలై ఆదివారం ముగుస్తాయి. వెనకబడినవాళ్లను శుక్రవారం సాయంత్రమే ఇంటికి పంపేస్తారు.

చెన్నైలో మా బాబాయి గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసేవాడు. ఆయన దగ్గర పెరుగుతూ ఆట నేర్చుకున్నాను, అదే బతుకుదెరువైంది. మొదట్లో బాగానే ఆడాను. ఆదివారం, ప్రభువు దినాన ఆడుతున్నానని అమ్మ ఫోన్‌లో ఏడ్చేది. గెలుస్తున్న రోజులు కాబట్టి నవ్వేసేవాణ్ణి.

పోయినేడాది నా చెయ్యి చెడింది. దూరం కొట్టడానికి ఢోకా లేదు. గుంట దగ్గర బంతిని మెల్లగా నెట్టాల్సిన చోటే చెయ్యి దానంతటదే అదిరేది. చేతిలో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. ఉందని చెప్పుంటే ఆయన కాళ్లకు దండం పెట్టేవాణ్ణి. పోటీ తర్వాత పోటీ, దొరికిన రైలెక్కి ఇంటికి రావడమే. “ఏం అబ్బయా, ఈ తూరి గూడా వచ్చినావే, దేవునికి స్తోత్రం!” అని పక్కింటి పెద్దాయన భుజం తట్టినప్పుడల్లా ఆయన పీక పిసకాలనిపించేది.

ఏడాది చివరి పోటీలో ఆదివారం దాకా నిలిస్తేనే నన్ను వచ్చే ఏడాది ఆడనిస్తారు. శుక్రవారం ఆఖరి గుంటకు మూడడుగుల దూరంలో ఆగింది బంతి. పసిపిల్లలు కూడా వేసేస్తారు దాన్ని. వేస్తే నిలుస్తాను. చెయ్యి అదిరింది, బంతి గుంట పక్కనుంచి పోయింది.

ఆ ఆదివారం చర్చిలో ఏడాదిలో దేవుడు చేసిన మేలులకు సాక్ష్యాలు చెప్పారు. ఒకామెకు జబ్బు నయమైంది, ఒకతనికి పోర్టులో ఉద్యోగమొచ్చింది. తర్వాత అమ్మ కొంగు నెత్తిన సర్దుకుని లేచింది.

“ఆదివారం నా బిడ్డను ఆడనీకుండా దేవుడే ఆపినాడు. మోకాళ్ల మీద అడిగినాను, విన్నాడు. వచ్చే ఏడు గూడా వీణ్ణి ఇట్టనే నా పక్కన కూర్చోబెట్టమని మీరందరూ ప్రార్థన చెయ్యండి.”

అందరూ కళ్లు మూసుకుని గట్టిగా అడిగారు. ఇక నేను ఏ ఆదివారమూ ఆడే వీల్లేదని అమ్మకింకా చెప్పలేదు. ఆమె మీదా, ఆ దేవుడి మీదా కోపంతో వెక్కివెక్కి ఏడ్చాను. నాలో మార్పు వచ్చిందనుకుని ఆమె సంతోషంగా నా వీపు నిమిరింది.