చెల్లెలి మడి మీది చెరకాకు

పోయిన నెల ధర్పల్లిలో మా చెల్లెలు గంగు చేనుకు పోతే, మడుల మీద పరిచి, ఎండకు కాగిన నల్ల ప్లాస్టిక్ షీటు వాసన ముందు ముక్కుకు తగిలింది. ఆ షీటు బొక్కల్లోంచి, కొలిచినట్టు ఎడం ఎడంగా లేచిన దాని మిరపమొక్కలను చూడగానే, డెబ్బై దగ్గర పడ్డా సిగ్గులేని నా కడుపు మండింది.

ఈ మంట పాతదే. బోధన్ పక్క మా పల్లెలో, వానలు వెనకబట్టి తంగేడు పూసే రోజుల్లో, ఎండు చెరకాకు వాసన, పొయ్యి మీది జొన్నరొట్టె కమ్మదనం, మా నాయనమ్మ రోట్లో దంచే పచ్చిమిర్చి తొక్కు ఘాటు ఇల్లంతా కలగలిసి ఉండేవి. ఆమెను అవ్వా అని పిలిచేవాళ్లం. అవ్వ మా అక్కాచెల్లెళ్లకు చెరో మిరపమడి ఇచ్చేది. ఎవరి మడి బాగా కాస్తే వాళ్ల పండ్లే విత్తనపు కుండలోకి పోయేవి, మరుసటేడు ఊరంతా ఆ నారును వాళ్ల పేరుతోనే అడిగేది. రెండేళ్లుగా అందరి నోటా గంగు విత్తనమే. నాకంటే రెండేళ్లు చిన్నది, ముక్కు తుడుచుకోవడం రానిది!

"మొక్కకు మొక్కకు నడుమ మూరెడు జాగ ఉండాలె," అంది అవ్వ ఆ ఏడు. గంగు తన చిట్టి మూరతోనే కొలిచి నాటింది. నేను ఎక్కువ కాయలకు ఆశపడి జానెడుకొకటి కుక్కాను. లేతమొక్కలు ఎండకు వాడకుండా రెండు మళ్ల మీదా చెరకాకు కప్పి, "అయిదు దినాలల్ల నేనే అచ్చి తీస్త," అని అవ్వ మేనత్త కాన్పుకు రెంజల్ పోయింది, అక్కడే చిక్కుకుపోయింది.

ఆరోనాడు మిట్టమధ్యాహ్నం, మొక్కలు మాడిపోవాలనే, గంగు మడి మీది ఆకంతా లాగి పారేశాను. నా మడి మీద మరో దొంతర కప్పుకున్నాను.

అవ్వ రెండు వారాలకు వచ్చింది. నా మడి మీది ఆకు ఎత్తితే, వెలుతురు లేక, ఒకదాన్నొకటి తోసుకుంటూ సాగిన తెల్లటి కాడలు. గంగు మొక్కలు ముదురు పచ్చగా, గట్టిగా నిలబడ్డాయి.

"నేను జెప్పిన యాళ్లకు ఆకు ఎవరు తీసిండ్రే?"

"అక్క తీసింది అవ్వా, నేను సూసిన," అంది గంగు సంబరంగా.

అవ్వ నా తల నిమిరి, "చెల్లె మడి మీద గింత పానమా బిడ్డా!" అంది. ఆ చెయ్యి నన్ను కాల్చినట్టయింది. కుండలోకి మళ్లీ గంగు విత్తనమే పోయింది.

ఇప్పుడు అవ్వా లేదు, ఆ కుండా లేదు. విత్తనం ప్యాకెట్లలో వస్తుంది, మా వైపు చెరకే కరువైంది. ఆ రోజు చేనులో గంగు మాత్రం పక్కనున్న మనవరాలికి నన్ను చూపించి, "మీ పెద్దమ్మమ్మనే ఆనాడు నా మడి బతికిచ్చింది," అని చెప్పింది. నిజం చెప్పాలని నోరు తెరిచాను. అంతలో వంగి చూస్తే, ఆనాడు చెరకాకు లాగినట్టే లాగడానికి, నా చెయ్యి షీటు అంచు పట్టుకుని ఉంది.