బీప్ అంటే ఓకే!

పోయిన వేసవిలో ఒకరోజు, క్రికెట్ చూస్తానంటే నాన్నకి నా ఆఫీసు లాప్‌టాప్ ఇచ్చాను. నాన్న బిలాస్‌పూర్‌లో రైలింజన్ నడిపే లోకో పైలట్. మర్నాడు రైల్వే క్వార్టర్లో కూర్చుని ఆన్ చేయగానే, ముక్కూమొహం తెలియని ప్రోగ్రాం ఒకటి తనంతట తానే తెరుచుకుంది. ఆఫీసు ఫైళ్లు ఏమయ్యాయోనని నాన్నని కేకేశాను.

"ఏం నొక్కావు నాన్నా?"

"బీప్‌మన్నాది, ఓకే నొక్కీసినాను. మల్లీ అన్నాది, మల్లీ నొక్కీసినాను."

"చదవకుండానా?"

"ఇంజన్లో బజర్ మోగితే చదువుతామేటే? నొక్కకపోతే బండి ఆగిపోదా?"

ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాంల జాబితాలో దాన్ని పట్టుకుని ఆపేశాను. ప్రోగ్రాంని పూర్తిగా తీసేసి, రీస్టార్ట్ చేశాను. మళ్లీ రాలేదు!

ఇక నాన్నకి నాలుగు చీవాట్లు పెడదామనుకుని, మానేశాను. ముప్పై ఏళ్లుగా ఆ వేలు, డ్రైవర్ మెలకువగా ఉన్నాడా అని అడిగే బజర్ మోగగానే ఠక్కున నొక్కుతోంది కాబట్టే, వెనక పెట్టెల్లో జనం హాయిగా నిద్రపోతున్నారు మరి.