రెండు ముద్రల కాగితం

మా వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయిందని తెలిసిన రోజునే పార్టీ అభ్యర్థి ఎవరో కూడా తెలిసిపోయింది. పాత కౌన్సిలరు భార్య. ప్రచారం జరిగినన్నాళ్లలో ఆమెను మేము రెండుసార్లే చూశాం. ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో బస్సు టికెట్టంత ఉంటే, పక్కన ఆయన ఫొటో నిలువెత్తున ఉండేది. ఎవరైనా ఆమెను ఏదైనా అడిగితే ఆయనే జవాబు చెప్పేవాడు. ఆడవాళ్లకు సీటు ఇచ్చే చట్టాన్ని మా పల్నాడు మగవాళ్లు ఇంత తేలిగ్గా మింగేస్తారని ఆ చట్టం రాసినవాళ్లు ఊహించి ఉండరు.

ఆమె మీద నిలబడింది ఒక దర్జీ. బస్టాండు పక్కన రోడ్డు మార్జిన్లో తొమ్మిది రేకుల షెడ్లు ఉన్నాయి. నాలుగింట్లో కుట్టు మిషన్లు, ఒకదాంట్లో జిప్పులు వేసే సాయిబుగారు, ఇంకొకదాంట్లో ఇస్త్రీ చేసే అమ్మాయి, మిగిలినవాటిలో చిన్నాచితకా పనులు. రెంటచింతల నుంచీ మాచవరం నుంచీ బస్సు దిగిన ఆడవాళ్లు గుడ్డ ఇచ్చి, బజారు పని చూసుకొని, తిరిగి వెళ్లేటప్పుడు జాకెట్టు తీసుకెళ్తారు. ఆ షెడ్లు లేపేసి షాపింగ్ కాంప్లెక్సు కట్టిస్తానని పాత కౌన్సిలరు మైకులోనే చెప్పాడు. వార్డు కౌన్సిలరు వద్దంటే ఆ ఫైలు ఆగుతుంది, సరేనంటే కదులుతుంది. అందుకని తొమ్మిది షెడ్లవాళ్లూ కూర్చుని, వాళ్లలో ధైర్యంగా మాట్లాడగలిగిన ఈమెను నిలబెట్టారు. ఈమె గెలిస్తే షెడ్లు ఉంటాయి, ఓడితే పోతాయి.

ఏజెంటుగా నన్ను రమ్మన్నారు. నేను రిటైరైన టీచర్ని. ఎన్నో ఎన్నికలకు పోలింగ్ డ్యూటీలు చేశాను. ముహూర్తాల మీదా మొక్కుల మీదా వ్యాసాలు రాసి, సభల్లో వాదించి చాలామందికి శత్రువునయ్యాను. నామినేషన్ రాహుకాలంలోనే వేయించాను. ఆఫీసులో మేము తప్ప ఎవరూ లేరు, పది నిమిషాల్లో పని అయిపోయింది. గుర్తు కుట్టు మిషను అడిగితే దొరకలేదు, గొడుగు ఇచ్చారు.

పోలింగుకు మూడు రోజుల ముందు అవతలివాళ్లు ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టారు. కవరు చేతిలో పెట్టాక ఊరుకోరు. పసుపు కొమ్ము ఒకటి తెచ్చి, దాన్ని గుప్పిట్లో పట్టించి, ఇంటి దేవత మీద ఒట్టు వేయిస్తారు. కవరు తీసుకున్నవాళ్లు మాట తప్పినా తప్పుతారు గానీ పసుపు ముట్టుకున్నవాళ్లు తప్పరని వాళ్ల లెక్క. నేను ఆ సందుల్లోనే అరుగుల మీద కూర్చుని చెప్పాను. భయపెట్టి వేయించిన ఒట్టు ఒట్టు కాదని, కొమ్ము కూరలో వేసుకునే దినుసేనని, దానికి కళ్లూ చెవులూ లేవని చెప్పాను.

ఒక ముసలామె బియ్యం చెరుగుతూ నవ్వింది.

"నీకేం టీచరమ్మా, నువ్వు ఏ దేవుణ్ణీ ఎరగవు. మా పిల్లోడికి జెరమొస్తే నువ్వొచ్చి కూసుంటావా?"

"వస్తాను పెద్దమ్మా. వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తాను."

"ఆ, ఆసుపత్రికి పోయే ముందు కొమ్ము సంగతేందో చెప్పు."

అందరూ నవ్వారు. నేను కోపంగా లేచి వచ్చేశాను.

ఆ మర్నాడు మా అభ్యర్థి ఆడబిడ్డ చెంగులో పసుపు కొమ్ము ముడివేసుకొని అవే సందుల్లోకి వెళ్లిందని నాకు తెలిసింది. కవర్లు మా దగ్గర లేవు. కొమ్ము మాత్రం ఉంది. ఆపాల్సింది. ఆపలేదు. నాకు తెలియనట్టే ఉన్నాను. అవతలివాళ్ల ఒట్టును మా ఒట్టు కొట్టేస్తే మంచిదే కదా అనుకున్నాను. ముప్పై ఏళ్లు రాసినదంతా ఒక సందు మలుపులో ఎలా పక్కన పెట్టానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోతగా ఉంటుంది.

లెక్కింపు కాలేజీ హాల్లో జరిగింది. బల్లలకు అడ్డంగా ఇనుప వల కట్టారు. వల ఇవతల ఏజెంట్లం, అవతల లెక్కించే సిబ్బంది. పోయిన సారి టీచర్లుగా నాతో డ్యూటీ చేసినవాళ్లు ఇద్దరు అక్కడే ఉన్నా నన్ను చూడనట్టే ఉన్నారు. అదే పద్ధతి. నా పక్కన అవతలి పార్టీ ఏజెంటు, ఎరువుల దుకాణం ఆయన, మెడలో తువ్వాలు, చేతిలో నిమ్మకాయ నీళ్ల సీసా.

"ఏందమ్మా, గొడుగు ఎండకా వానకా?" అన్నాడు.

"మీ నాయకుడి నోటికి అడ్డం పెట్టుకోవటానికి," అన్నాను.

మొదటి కట్టలు విప్పేసరికే అర్థమైంది. పక్కన పెట్టే కాగితాల్లో ఎక్కువ భాగం ఒకేరకంగా ఉన్నాయి. గొడుగు మీద ఒక ముద్ర, పార్టీ గుర్తు మీద ఒక ముద్ర. ఎక్కడా తొందరపాటు లేదు. చక్కగా, గీత దాటకుండా, రెండూ సమానంగా వేసినవి. ఇద్దరికీ ఒట్టు వేశారు. ఇద్దరి ఒట్టూ తప్పకుండా నిలబెట్టుకున్నారు. ఆ ఓట్లు ఎవరికీ చెల్లవని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అరుగు మీద కూర్చుని దేవుడు లేడని గంటసేపు చెప్పిన నేను, రెండు ముద్రలు వేస్తే ఓటు పోతుందని ఒక్క నిమిషం చెప్పలేదు.

ఎరువుల దుకాణం ఆయన కూడా చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఆయన కొమ్ముకు దొరికిన ఓట్లు కూడా అందులోనే ఉన్నాయి.

భోజనాల వేళకు మేము వెనకబడ్డాం. తర్వాత దగ్గరికి వచ్చాం. మా అభ్యర్థి నా వెనక కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దుట నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. సాయంత్రం నాలుగు దాటాక కట్టలన్నీ అయిపోయాయి. అనుమానంగా ఉన్న కాగితాలు మాత్రం ఎన్నికల అధికారి బల్ల మీద మిగిలాయి. ఆయన ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ తేలుస్తున్నాడు. ముద్ర ఒక గుర్తు మీద గట్టిగా పడి, కాగితం మడిచినప్పుడు సిరా ఇంకో గుర్తు మీద అంటుకుంటే, ఆ ఓటు చెల్లుతుంది. అలాంటివి రెండు అప్పటికే అవతలివాళ్లకు వేశాడు. నేను ఒప్పుకున్నాను. అవి నిజంగా అంటుకున్నవే.

చివరికి ఒక్క కాగితం మిగిలింది. అప్పటికి ఇద్దరికీ ఓట్లు సమానం.

గొడుగు మీద ముద్ర నల్లగా, స్పష్టంగా ఉంది. పార్టీ గుర్తు మీద పలచగా, సగం సిరా లేనట్టు ఇంకో ముద్ర. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది కూడా మడతలో అంటుకున్నదే. గొడుగుకు వేస్తున్నాను."

ఎరువుల దుకాణం ఆయన వలను పట్టుకున్నాడు. "పలచన అయితే మాత్రం ముద్ర కాదా సార్? మాకు పడింది గదా."

"ఇందాక రెండు మీకు వేసినప్పుడు ఇదే చెప్పాను. అప్పుడు నువ్వు ఊ అన్నావు."

ఆయన వల వదిలేశాడు.

నేను ఆ కాగితం చూస్తున్నాను. ఓటు వేసే రబ్బరు ముద్ర స్వస్తిక్ ఆకారంలో ఎందుకు ఉంటుందో డ్యూటీలు చేసినవాళ్లందరికీ తెలుసు. దాని చేతులు ఒక పక్కకు తిరిగి ఉంటాయి. అంటుకున్న ముద్ర అయితే అద్దంలో చూసినట్టు చేతులు రెండో పక్కకు తిరుగుతాయి. ఈ కాగితంలో పలచటి ముద్ర చేతులు కూడా నల్లటి ముద్ర చేతులు తిరిగిన పక్కకే తిరిగి ఉన్నాయి. అది అంటుకున్నది కాదు. ఎవరో గొడుగు మీద వేసి, సిరా మళ్లీ అద్దకుండా రెండోది కూడా వేశారు.

అలసిపోయిన అధికారి అది చూడలేదు. ఎరువుల దుకాణం ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆ హాల్లో చూసింది నేను. కళ్లకు కనబడినదాన్నే నమ్మాలని, కనబడినది చెప్పి తీరాలని ఊరూరా అరిచి చెప్పింది కూడా నేనే. నోరు తెరవలేదు. ఇంకో అర నిమిషం అలాగే ఉంటే తొమ్మిది షెడ్లు నిలబడతాయి.

అప్పుడు మా అభ్యర్థి లేచి నా పక్కకు వచ్చి వలకు ముఖం ఆనించి చూసింది. ఆమె నుదురు ముడిపడటం చూశాను. నాకు అర్థమైంది. ఆమె కాలి మీద కాలు వేసి గట్టిగా నొక్కాను.

"సార్, అది అంటుకున్నది కాదండి," అంది.

అధికారి తలెత్తాడు. "ఎవరు మీరు?"

"గొడుగు నాదేనండి. రెండు ముక్కలు ఎదురెదురుగా మడిస్తే ఒకటి కుడి, ఒకటి ఎడమ రావాలి గదా. ఇక్కడ రెండూ కుడే. జాకెట్టుకి రెండు కుడి చేతులు కుట్టినట్టుంది."

అధికారి ఇందాకటి రెండు కాగితాలు తెప్పించి పక్కన పెట్టుకున్నాడు. వేలితో చేతుల దిశ చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా ఆ కాగితం వెనక సంతకం చేసి, చెల్లని వాటిలో పెట్టాడు.

ఓట్లు సమానం. చీటీ తీయాలి.

రెండు తెల్ల కాగితం ముక్కల మీద పేర్లు రాశారు. ఒకే కొలతలో మడిచారు. ఖాళీ స్టీలు గిన్నె ఒకటి తెచ్చారు. అదృష్టం అనేదే లేదని నేను రాసిన వ్యాసం ఒకటి ఉంది. లేకపోవడమంటే ఏమిటో ఆ గిన్నె చూసినప్పుడు తెలిసింది. ఎవరూ నడపడం లేదు, ఎవరికీ ఏమీ బాకీ లేదు, తొమ్మిది షెడ్లు ఒక కాగితం మడతలో ఉన్నాయి. ఎరువుల దుకాణం ఆయన కళ్లు మూసుకొని పెదవులు కదుపుతున్నాడు. మా అభ్యర్థి కళ్లు తెరుచుకొనే ఉంది. రెండు చేతుల వేళ్లూ వల కన్నాల్లో ఇరికించి పట్టుకుంది.

అధికారి చెయ్యి పెట్టి ఒకటి తీసి, విప్పి చదివాడు. ఆమె పేరు కాదు.

బయట డప్పులు మొదలయ్యాయి. దండలన్నీ పాత కౌన్సిలరు మెడలో పడ్డాయి. గెలిచినామె కారులోనే కూర్చుని ఉంది. ఆయన మమ్మల్ని చూసి జనం మధ్య నుంచే పిలిచాడు.

"ఏం టీచరమ్మా, దేవుడు లేడంటివే. చీటీ ఎవరు తీశారంటావు?"

"గవర్నమెంటు ఆఫీసరు తీశాడు," అంది మా అభ్యర్థి. "నీకు ఓటేసినోళ్లు, నాకు ఓటేసినోళ్లు ఒకే లెక్క. అది మర్చిపోమాక అన్నా."

ఆయన నవ్వాడు గానీ దండ సర్దుకుంటూ త్వరగానే ముందుకు కదిలాడు.

గేటు దాటాక ఆమె నన్ను అడిగింది.

"మీరు ముందే చూశారా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"ఆయన కాగితం ఎత్తినప్పుడే."

ఆమె తిట్టలేదు. నిష్ఠూరంగా చూడనూ లేదు. చెప్పు స్ట్రాపు సరిచేసుకుంటూ, "రేపు పొద్దున షెడ్ల కాడికి రండి. నేనొక్కదాన్నే అందరికీ చెప్పలేను," అంది.

వెళ్లాను. తొమ్మిది షెడ్లవాళ్లూ ఇస్త్రీ బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరు మాట్లాడారో, ఎవరు మాట్లాడకుండా కాలు తొక్కారో కూడా చెప్పాను. ఆడబిడ్డ కొమ్ము సంగతి నాకు తెలుసునని కూడా చెప్పాను.

"టీచరమ్మే నయం, నోరు మూసుకోవాలని తెలుసు," అంది ఇస్త్రీ అమ్మాయి. తర్వాత మా అభ్యర్థి వైపు తిరిగింది. "ఏమే, నోరు మూసుకుంటే నీదేం పోయేది? నీ నిజం నీ దగ్గర పెట్టుకొని నా పెట్టె, నా బొగ్గులు ఎక్కడ పెట్టుకోను?"

"ఎవత్తో ఇద్దరికీ మాటిచ్చింది. ఇద్దరికీ గుద్దింది. అది నాకొక్కదానికే ఓటెట్టా అయిద్ది?"

"అయ్యేదే గదా, నువ్వు ఊరుకుంటే."

"అయ్యేదే," అంది ఆమె.

సాయిబుగారు జిప్పు ఒకటి వేళ్ల మధ్య పైకీ కిందికీ లాగుతూ, "అయిపోయింది గదమ్మా. ఇప్పుడు ఎక్కడికి పోవాలో చూడండి," అన్నాడు.

మా ఇంటి ముందు గదిలో మూడు మిషన్లు పడతాయని నేను అన్నాను. పుస్తకాల బీరువాలు జరిపిస్తానని కూడా అన్నాను. ఇస్త్రీ అమ్మాయి నా వైపు చూసింది.

"మీ ఇంటిదాకా ఎవరొస్తారమ్మా? బస్సు దిగినోళ్లు నాలుగు అడుగులేసి ఇక్కడికొస్తారు. మీ ఇంటికి ఆటో కావాలి. జాకెట్టు కుట్టుకూలి ఆటోకే పోద్ది."

అది నిజం.

అప్పుడే రెంటచింతల బస్సు వచ్చింది. ఎండకు కొంగు తల మీద కప్పుకున్న ఒకామె నేరుగా వచ్చి పచ్చటి గుడ్డ మా అభ్యర్థి చేతిలో పెట్టింది. ఎన్నికల సంగతి ఆమెకు ఏమీ తెలియదు.

"చర్చిలో పెళ్లుంది. ఎప్పుడిస్తావు?"

"వచ్చే గురువారం."

"పొద్దున బస్సుకొస్తా. ఇక్కడికే గదా?"

మా అభ్యర్థి గుడ్డ మడత విప్పింది, మళ్లీ వేసింది. మేమంతా ఆమె ఏం చెబుతుందా అని చూస్తున్నాం. ఇస్త్రీ అమ్మాయి కూడా చూస్తోంది.

"నీ ఫోన్ నంబరు చెప్పు అక్కా," అంది. గోడకు వేలాడుతున్న క్యాలెండరు వెనక రాసుకుంది. "ఎక్కడికి రావాల్నో బుధవారం చెప్తా."