టీ పెట్టె మూత మీద సంత

పెళ్ళయి అరకు వచ్చిన మొదటి వానాకాలంలో నేను చేసిన పని ఒక్కటే, ఏడవడం. మా ఆయన పొద్దంతా కొట్లో ఉప్పూ కిరసనాయిలూ అమ్ముకునేవారు. నన్ను పలకరించడానికి నరమానవుడు లేడు. ఘాటీలో కొండచరియ విరిగిపడి లారీలు ఆగిపోయాయి గానీ, లేకపోతే అప్పుడే కొండ కింద కోట అనే ఊళ్ళో మా పుట్టింటికి చెక్కేసేదాన్ని. దారి బాగవగానే వచ్చి తీసుకుపొమ్మని, నడిచి కొండ దిగేవాళ్ళ చేత నాన్నకు కబురంపాను. వెళ్తే మళ్ళీ రానని మా ఆయన మొహం మీదే చెప్పేశాను.

ఆయన బతిమాలలేదు. టీ పెట్టె మూత ఒకటి తెచ్చి, బొగ్గుతో గళ్ళు గీశారు. కొండ మీది ఊరి నుంచి సంత దాకా దారి. మధ్యలో వాగు, ఎలుగుబంటి, చలిజ్వరం. గవ్వలు వేసి కాయలు నడపాలి. తలా గుప్పెడు చింతపిక్కలు, అదే సరుకు. సంతలో ఎవరు ముందు అమ్మేసుకుంటే వాళ్ళు గెలిచినట్టు. అబ్బబ్బ, ఎన్ని షరతులో! జ్వరం తగిలితే మళ్ళీ మొదటికి. ఎలుగు ఎదురైతే సగం సరుకు వదిలేసి పరుగు. "సరుకు పోతే నేనే కదా ముందు ఖాళీ అయ్యేది?" అంటే, దానికి ఇంకో షరతు పుట్టించేవారు.

రోజూ సాయంత్రం ఆట కాగానే నా మొహంలోకి చూసేవారు.

"ఎలగున్నాది? సరదాగున్నాదా?"

"సరదా, నా మొహం! కొట్లో కూర్చున్నట్టుంది."

పాపం, చిన్నబోయేవారు. మర్నాటికి మళ్ళీ రెండు గళ్ళు చెరిపి కొత్తవి గీసేవారు. నాకు జాలీ వేసేది, ఒళ్ళూ మండేది.

ఒకరోజు అల్లం అమ్మే కొండ ముసలమ్మ వానకి మా వసారాలో ఆగింది. ఆయన ఆవిణ్ణీ ఆటలో కూర్చోబెట్టారు. మా ఇద్దరికన్నా ముందే సంత చేరింది. కానీ పిక్కలు గుప్పిట్లోంచి వదలదే!

"అమ్మీయే మామ్మా, గెలిసిపోతావు," అన్నారాయన.

"అంతా ఒకపాలే అమ్మీసినాక సంతల నానేటి సేత్తాను బాబూ? ఎవులితో మాటాడతాను?"

కొండవాళ్ళ పద్ధతే అంత. గంపంతా ఒక్కరే కొంటామన్నా ఇవ్వరు. పొద్దుగూకేదాకా కొంచెం కొంచెం అమ్ముతూ, వచ్చిన చుట్టాలనల్లా పలకరిస్తారు. కొట్టు మనిషి కదా, ఈయనకి ఆ సంగతే తట్టలేదు. తల పట్టుకున్నారు. ముసలమ్మ నా కాయని తన గడిలోకి లాక్కుని, "ఓలప్పా, ఎన్నాళ్ళకి కనబడ్డావే! నీ గుంటకి పళ్ళొచ్చినాయేటి?" అంది. లేని పిల్లకి రెండు పళ్ళు వచ్చాయని చెప్పి, కడుపుబ్బ నవ్వాను. అరకులో అదే నా మొదటి నవ్వు. ఆయన నన్నే చూస్తూ, షరతులన్నీ అరచేత్తో తుడిచేశారు.

ఆ తరవాత కొత్తగా పెట్టుకున్నది ఒకటే షరతు. సంతలో ఇద్దరూ కలిస్తే ఒక కబురు చెప్పాలి, అప్పుడే ఒక పిక్క అమ్మాలి. ఆయనకు ఊహ తెలియక ముందే తల్లి పోయిందని నాకు ఆ గళ్ళలోనే తెలిసింది. చీకటంటే నాకు భయమని ఆయనకీ అక్కడే తెలిసింది.

దారి బాగయింది. మొదటి లారీలోనే నాన్న వచ్చారు. మా ఆయన కొట్లోంచి బయటికి రాలేదు, ఎవరికో ఉప్పు తూస్తూ తలొంచుకునే ఉన్నారు.

"పెట్టె సర్దలేదేటమ్మా? బేగి రా, లారీ ఎల్లిపోద్ది," అన్నారు నాన్న.

నేను నా పిక్కల గుప్పిట విప్పి చూపించాను.

"ఇంకా బోలెడు సరుకుంది నాన్నా. ఇప్పుడే సంత వదిలి ఎలా వస్తాను?"